నిటారు ముల్లు

అన్నయ్య చివరిగా చేసిన పని, ఒక అట్టముక్క మీద టీ గ్లాసు బోర్లించి, చుట్టూ పెన్సిలుతో గీసి, గుండ్రంగా కత్తిరించడం. పక్కింటి లెక్కల మాస్టారు పాత కారొకటి కొనుక్కుని, ఇంజన్ వేడి చూపించే మీటరు అదనంగా పెట్టించుకోవాలనుకున్నారు. అన్నయ్య డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా అయినా మార్చుకోకుండా ఆ కారులో కూర్చున్నాడట. అట్టబిళ్ళను స్టీరింగు పక్కన, గాలి వచ్చే జాలీకి కాస్త పైన గమ్ టేపుతో అంటించి, "ఓ నాలుగు రోజులు ఇలాగే తిరగండి మాస్టారూ. అడ్డమనిపిస్తే చెప్పండి, జరుపుదాం" అన్నాడట. లోపలికొచ్చి చేతులు కడుక్కున్నాడు. వదినని మంచినీళ్ళడిగాడు. ఆవిడ గ్లాసు పట్టుకొచ్చేసరికి కుర్చీలో ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు.

మాస్టారు ఆ బిళ్ళని ఇంతవరకూ పీకలేదు. "జరపమని చెబుదామంటే ఆయన లేడు కదమ్మా. నేనే దానికి అలవాటు పడ్డాను" అన్నారు నాతో.

బజారులో అన్నయ్య పేరే 'బిళ్ళల మేస్త్రి'. మీటర్లు బిగించేవాళ్ళు వేరే కూడా ఉండేవారు. ఎక్కడ ఖాళీ కనపడితే అక్కడ డ్రిల్లు పెట్టి బెజ్జం వేసి, పొద్దున ఇచ్చిన బండి సాయంత్రానికి తిరిగిచ్చేసేవారు. అన్నయ్య దగ్గర అలా కుదరదు. ముందు బండిగలాయన్ని సీట్లో కూర్చోబెట్టి, తను వెనక సీట్లో కూర్చుని, ఊరంతా ఓసారి తిప్పించుకొచ్చేవాడు. ఆ మనిషి కళ్ళు ఎటు పోతున్నాయో లోపలి అద్దంలోంచి చూసేవాడు. తరవాత అట్టబిళ్ళలు తీసి అక్కడొకటి ఇక్కడొకటి అంటించి, ఇంటికి పంపేసేవాడు. వారం పోయాక రమ్మనేవాడు. వచ్చినవాళ్ళని ఒకటే అడిగేవాడు: "వెతక్కుండా కనపడింది ఏది?"

"అన్నీ కనపడ్డాయి మేస్త్రీ."

"అన్నీ కనపడ్డాయంటే నువ్వు రోడ్డు చూడలేదన్న మాట. ఇంకో వారం తిరిగి రా."

డ్యాష్‌బోర్డు అనేది అన్నయ్యకి ఒక ఇల్లు. స్టీరింగు తిప్పినప్పుడు మన చెయ్యే అడ్డొచ్చే చోట మీటరు పెట్టకూడదు. మోకాలు తగిలే చోట పెట్టకూడదు. రాత్రిపూట దాని వెలుగు ముందు అద్దంలో పడి కళ్ళల్లో కొట్టకూడదు. అద్దానికీ తలుపుకీ మధ్యన ఉండే కమ్మి మీద పెడితే కనపడటం బాగానే కనపడుతుంది గానీ, రోడ్డు దాటే మనిషిని అదే కప్పేస్తుంది. పొట్టివాడికి కుదిరిన చోటు పొడుగువాడికి కుదరదు. ఇవన్నీ చెప్పేటప్పుడు అన్నయ్య గొంతులో మేస్త్రితనం ఉండేది కాదు. అత్తారింట్లో కొత్తకోడలికి గది చూపిస్తున్నట్టు ఉండేది.

ఒకసారి ఒకాయన భార్యతో కలిసి వచ్చాడు. "మేస్త్రీ, ఈవిడకి కనపడని చోట పెట్టు. ముల్లు కొంచెం లేస్తే చాలు, బండి ఆపమని ప్రాణం తీస్తుంది" అన్నాడు. ఆవిడ తగ్గలేదు. "ఆయనకే కనపడకుండా పెట్టన్నా. చూసినా చూడనట్టే తోలతాడు, ఎందుకూ దండగ!" అన్నయ్య బిళ్ళ తీసి సరిగ్గా ఇద్దరి మధ్యలో అంటించాడు. "ఇప్పుడు ఇంటి గొడవ ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు.

ఇంకో అలవాటు ఉంది. దానికి అందరూ నవ్వేవారు. మీటరుని దాని గుండ్రటి గూట్లో పెట్టి బిగించే ముందు కాస్త తిప్పేవాడు. ఇంజన్ మామూలు వేడిలో ఉన్నప్పుడు ముల్లు సరిగ్గా నిటారుగా ఉండేలా చూసేవాడు. అలా తిప్పితే అంకెలన్నీ పక్కకి ఒరిగిపోతాయి.

"ఇదేంటి మేస్త్రీ, మీటరు వంకరగా పెట్టావ్?"

"అంకెలు ఎవడు చదువుతాడు బాబూ, బండి తోలుతూ? మనిషి నిలబడి ఉన్నాడా, పడుకున్నాడా అన్నది వీధి చివర్నించి చూసినా తెలుస్తుంది. ఇదీ అంతే. నిలబడితే నీ పని నువ్వు చూసుకో. ఒరిగితే బండి ఆపు."

పాత కార్లలో వేడెక్కితే వెలిగే ఎర్రదీపం ఒక్కటే ఉండేది. అది వెలిగేసరికి ఇంజన్ పని దాదాపు అయిపోయినట్టే. 'నొప్పి తెలిసేసరికి ఒళ్ళు చెడే రకం' అనేవాడు దాన్ని. అందుకే క్యాబులు తిప్పుకునేవాళ్ళు వెతుక్కుంటూ అన్నయ్య షెడ్డుకి వచ్చేవారు. అన్నయ్య చేతి ముల్లు అబద్ధం చెప్పదన్న పేరు ఉండేది. ఆ పేరు తప్ప అన్నయ్యకి వేరే ఆస్తి లేదు. ఉందని ఎప్పుడూ అనుకోనూ లేదు.

మా ఆయన్ని నాకు చూపించింది అన్నయ్యే. పాత కార్లు కొని, బాగు చేయించి అమ్మే వ్యాపారం ఆయనది. ఏదో బండి తెచ్చే పని మీద ఇద్దరూ కలిసి దూరప్రయాణం చేశారు. తిరిగొచ్చి అన్నయ్య వంటింటి గడప మీద కూర్చుని, కాళ్ళు బార్లా చాపి, "అమ్మా, సంబంధం దొరికింది" అన్నాడు.

"ఎవర్రా? ఏం చూసి?" అంది అమ్మ.

"స్టీరింగు ముందు కూర్చుంటే మనిషి దాగడమ్మా. అనవసరంగా హారన్ కొట్టలేదు. వెనకొచ్చేవాడికి దారిచ్చాడు. అద్దాలు చూసుకుంటూ తోలాడు. ఇంకేం కావాలి?"

"పిల్లనిస్తున్నామా, బస్సిస్తున్నామా?" అంది అమ్మ. మేం పొట్ట పట్టుకుని నవ్వాం. అట్టబిళ్ళ ఒక్కదానికి వారం రోజులు పరీక్ష పెట్టే మనిషి, బావని మాత్రం ఒక్క ప్రయాణంలో ఒప్పేసుకున్నాడు.

పెళ్ళయ్యాక మా ఆయన తన బళ్ళని తెచ్చి అన్నయ్య షెడ్డు ముందే నిలబెట్టుకునేవాడు. షెడ్డు వెనక ఇద్దరికీ కలిపి ఒక చిన్న గది. దాని తాళం ఇద్దరి దగ్గరా ఉండేది. మీటర్లు బిగించాక తీగలు కలపడం మా ఆయనకి అన్నయ్యే నేర్పాడు. చేతికింద మనిషి లేని రోజున సాయం ఉంటుందని. అమ్మకానికి వచ్చిన ప్రతి బండికీ అదనపు మీటర్లు పెట్టించడం మా ఆయన మొదలుపెట్టిన పద్ధతి. కొనడానికి వచ్చినవాళ్ళని సీట్లో కూర్చోబెట్టి, "ఇదిగో, బిళ్ళల మేస్త్రి చేతి మీటరు. మా బావ. చూసుకోండి ముల్లు ఎలా నిలబడిందో" అనేవాడు. అన్నయ్య లోపలెక్కడో బండి కింద పడుకుని ఆ మాట విని, సిగ్గుపడి, ఇంకా లోపలికి జరిగేవాడు.

ఒకరోజు నేను అన్నయ్యకి భోజనం తీసుకుని షెడ్డుకి వెళ్ళాను. వదినకి ఒంట్లో బాగాలేదు. క్యారియర్ విప్పుతుండగానే ఒక కారుని తాడు కట్టి లాక్కొచ్చారు. స్టీరింగు దగ్గర ఒకావిడ కూర్చుని ఉంది. మా ఆయన దగ్గరే ఆ బండి కొని క్యాబు తిప్పుకుంటోంది. ఇంట్లో సంపాదించే మనిషి ఆవిడొక్కతే. దిగి, తలుపు గట్టిగా వేసింది.

"మేస్త్రీ! నీ ముల్లు నిలబడే ఉంది. నా ఇంజనే పడుకుంది."

అన్నయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏమైందక్కా?"

"ఏమైందేంటి? పొగలు కక్కి మధ్య రోడ్డులో ఆగిపోయింది. ఇంజన్ పట్టేసిందన్నారు. ఎర్రదీపం వెలిగింది కదా అంటావేమో, వెలిగింది. ముల్లు మాత్రం రాయిలా నిలబడి ఉంది. దీపం చెడిపోయిందేమో అనుకున్నాను, నీ మీటరు మాట నమ్మి! మొదట్నించీ అంతే, తాళం తిప్పగానే లేచి నిలబడుతుంది. ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాను."

"తాళం తిప్పగానేనా?" అన్నాడు అన్నయ్య.

సీట్లో కూర్చున్నాడు. తాళం సగం వరకు తిప్పాడు. ఇంజన్ ఎప్పుడో చల్లారిపోయింది. అయినా ముల్లు కింది నుంచి నెమ్మదిగా లేచి, నిటారుగా వచ్చి ఆగింది. అన్నయ్య దాని వంక చాలాసేపు చూశాడు. తరవాత వెల్లకిలా పడుకుని, తల పెడళ్ళ దగ్గర పెట్టి, డ్యాష్‌బోర్డు కిందకి చెయ్యి పోనిచ్చాడు. చెయ్యి తడుముతూ తడుముతూ ఒకచోట ఆగిపోయింది. లేచినప్పుడు పిడికిలి మూసి ఉంది.

అప్పుడే మా ఆయన ఫోన్లో మాట్లాడుతూ వచ్చాడు. బండిని చూశాడు, ఆవిడని చూశాడు, అన్నయ్య పిడికిలి చూశాడు. ఫోన్ జేబులో పెట్టేసుకుని, "బావా, ఇలా రా" అన్నాడు. ఇద్దరూ వెనక గదిలోకి వెళ్ళారు. నేను ఆవిడకి కుర్చీ వేసి నీళ్ళిచ్చాను. వాళ్ళు అక్కడ ఏం మాట్లాడుకున్నారో మాకు వినపడలేదు.

బయటికొచ్చాక అన్నయ్య ముందు నా వంక చూశాడు. తరవాత ఆవిడ వైపు తిరిగి, బజారు వినేలా అన్నాడు.

"తప్పు నాదేనక్కా. తీగ కలపడంలో నేనే పొరపాటు చేశాను. నీ ఇంజన్ నేను బాగు చేయిస్తాను. అందాకా నా బండి తోలుకో."

ఆవిడకి అన్నయ్యని తిట్టాలని చాలా మాటలు సిద్ధంగా ఉన్నట్టున్నాయి. తాళం చేతిలో పడేసరికి అన్నీ మింగేసింది. మా ఆయన అన్నయ్య భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే బావా, మనుషులం. ఎవరికైనా చెయ్యి తప్పుతుంది" అన్నాడు. అన్నయ్య ఆ చేతి కిందనుంచి నెమ్మదిగా జరిగాడు. నేను తెచ్చిన భోజనం తినలేదు.

బజారులో మాట నడిచినంత వేగంగా బండి నడవదు. బిళ్ళల మేస్త్రి ముల్లు కూడా అబద్ధం చెబుతుందట అన్నారు. అదివరకు వారం రోజులు ఆగినవాళ్ళు, ఇప్పుడు సాయంత్రానికి ఇచ్చేసే షెడ్లకి వెళ్ళిపోయారు. అన్నయ్య తన మీటర్లున్న బళ్ళని ఒక్కొక్కటే వెతుక్కుంటూ వెళ్ళి, "నా పని ఒకసారి చూసుకోవాలండీ" అని అడిగి, డ్యాష్‌బోర్డు విప్పి చూసి, మళ్ళీ బిగించి వచ్చేవాడు. ఎదురింటివాళ్ళు, దారినపోయేవాళ్ళు చూస్తుండగా. తన పని తనే అనుమానిస్తూ తిరిగే మేస్త్రి దగ్గరికి ఎవరొస్తారు? చివరికి షెడ్డు ఖాళీ చేసి, ఒక బస్సుల కంపెనీలో దీపాలు మార్చే పనికి కుదిరాడు.

మా ఇంటికి రావడం మానేశాడు. ఫోన్ చేస్తే మాట్లాడేవాడు. "ఎలా ఉన్నావ్ అమ్మాయ్?" "బాగున్నాను." "అంతా సవ్యంగానే ఉందిగా?" "ఉందన్నయ్యా. నువ్వే రావడం లేదు." "వస్తాలే." ఈ నాలుగు ముక్కలే ఎప్పుడూ. ఒకసారి వాళ్ళ ఇంటికెళ్ళినప్పుడు ఉండబట్టలేక అనేశాను.

"ఒక్క తీగ తప్పు కలిపినంత మాత్రాన మొహం చాటెయ్యాలా అన్నయ్యా? మా ఆయన కూడా నిన్ను పల్లెత్తు మాట అనలేదు కదా."

అన్నయ్య తలెత్తి నా వంక చూశాడు. ఏదో అడగబోయినట్టు పెదవి కదిలింది. "అనలేదు, నిజమే" అన్నాడు. లేచి వెళ్ళి కుళాయి విప్పి, అంతకుముందే కడుక్కున్న చేతులు మళ్ళీ కడుక్కున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను. పొయ్యి దగ్గర వదిన గరిటె కింద పెట్టిన చప్పుడు మాత్రం అవసరానికి మించి వినపడింది.

అన్నయ్య పోయిన రోజున మా ఆయన అందరికంటే ఎక్కువ ఏడ్చాడు. కుర్చీలు తెప్పించాడు, వచ్చినవాళ్ళకి టీలు ఇప్పించాడు, ప్రతి ఒక్కరినీ పట్టుకుని "బావ చేతిలో కళ ఉండేదండీ. చివర్లోనే కాస్త చెయ్యి తప్పింది. ఆ దిగులే తినేసింది మనిషిని" అని చెప్పాడు. ఆ మాట వంటింట్లోకి వినపడింది. వదిన కడుగుతున్న గిన్నె వదిలేసి లేచింది.

"అమ్మాయ్, నీ మొగుణ్ణి నోరు మూసుకోమను."

"వదినా! ఏంటా మాట?"

"బతికున్నప్పుడు మింగిన పేరు చాల్లేదా? చచ్చాక కూడా అదే నమలాలా?"

"ఏమీ ఎరగనట్టు అడక్కు" అని తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి అంతా ఏకరువు పెట్టింది. ఆ రోజు అన్నయ్య పిడికిట్లో ఉన్నది బియ్యపుగింజంత రెసిస్టరు. ఇంజన్ నుంచి మీటరుకి వచ్చే తీగని తెంపేసి, దాని బదులు ఆ గింజని కలిపారు. ఇంక ఇంజన్ చల్లగా ఉన్నా, ఉడికిపోతున్నా ముల్లు నిటారుగానే ఉంటుంది. అతుకు చూడగానే ఎవరి చెయ్యో అన్నయ్యకి తెలిసిపోయింది. ఆ చేతికి అతకడం నేర్పింది తనే. తరవాత బళ్ళు వెతుక్కుంటూ తిరిగింది తన పని మీద అనుమానంతో కాదు. ఆ గింజలు పీకి, తెగిన తీగలు మళ్ళీ కలపడానికి. ఎవరైనా అడిగితే తన తప్పే అని చెప్పేవాడు.

ఇంటికెళ్ళే దారిలో కారులోనే అడిగాను మా ఆయన్ని. కాదనలేదు. హారన్ కొట్టకుండా, అద్దాలు చూసుకుంటూ, చక్కగా తోలుతూనే చెప్పాడు.

"పాత ఇంజనన్నాక కాస్త వేడెక్కుతుంది. ముల్లు కొంచెం కదిలితే కొనేవాడు గుండె పట్టుకుంటాడు. కదలకపోతే హాయిగా తోలుకుంటాడు. ఈ పని చెయ్యనివాడు ఎవడు? నేనేం విషం కలిపానా?"

"ఉత్త దీపంతో అమ్ముకోవాల్సింది. అన్నయ్య మీటరు దేనికి?"

"దీపాన్ని ఎవడు నమ్ముతాడే? మీ అన్న చేతి మీటరైతే నమ్ముతారు. ఎక్కడ పెడితే కన్ను తిన్నగా దాని మీదే పడుతుందో ఆయనకి తెలిసినంత ఎవరికి తెలుసు?"

అన్నయ్య వారాలు వారాలు అట్టబిళ్ళలు జరిపి జరిపి వెతికిన చోటు అది. చోటు ఎంత బాగా కుదిరితే అబద్ధం అంత బాగా కనపడింది. నేను బండి ఆపమన్నాను. ఆయన ఆపాడు. దిగి, వచ్చిన దారినే వదిన దగ్గరికి నడిచి వెళ్ళాను.

కొన్నాళ్ళు అక్కడే ఉన్నాను. వదిన అన్నం పెట్టేది, పక్క వేసేది, మాట మాత్రం లెక్కపెట్టి మాట్లాడేది. నాకు మా ఆయన మీదున్న కోపానికి పక్కనే అన్నయ్య మీద కూడా కోపం పెరుగుతూ వచ్చింది. నా కాపురాన్ని నాకు చెప్పకుండా అన్నయ్యా వదినా కలిసి కాపాడటం ఏమిటి? నన్నొక మాట అడగాలి కదా! నా ఇంట్లో ఉన్న మనిషి ఎలాంటివాడో తెలుసుకునే హక్కు నాకు లేదా? ఒకరోజు బట్టలు మడతపెడుతూ ఆ కోపమంతా వదిన మీదే కక్కేశాను.

"అన్నయ్య నాకెందుకు చెప్పలేదు వదినా? నువ్వైనా ఎందుకు చెప్పలేదు? నేను పరాయిదాన్నా?"

వదిన మడత ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"నీకు చెప్పడమేంటి? నీ మాట మీదేగా ఆయన ఒప్పుకుంది."

"నా మాటా? నేనేమన్నాను?"

"వెనక గదిలో నీ మొగుడు ఆయన చేతులు పట్టుకుని ఏమన్నాడో ఆ సాయంత్రమే నాతో చెప్పాడు మీ అన్న. 'నీ చెల్లికి మొదట్నించీ అంతా తెలుసు బావా. నా పేరు బయటికి రానివ్వొద్దని నిన్నడగమన్నది అదే. బయట నిలబడి ఉంది, కావాలంటే పిలువు' అన్నాడట."

"పిలవలేదేం?"

"చెల్లెలు అడిగిందన్నాక మళ్ళీ సాక్ష్యం అడుగుతాడా ఆయన?"

నా చేతిలో ఉన్నది అన్నయ్య డ్యూటీ చొక్కా. వదిన దాన్ని తీసుకుని, మడతపెట్టి, పక్కన పెట్టింది. నా మొహంలో ఆవిడకేం కనపడిందో, మొదటిసారి నా పక్కన కూర్చుంది.

"నీకు తెలీదా అమ్మాయ్?" అంది. "పోయేదాకా ఆయన తెలుసనే అనుకున్నాడు."